వాడితో చెప్పాలా, వద్దా?

కాకినాడనుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్లమీదనే ఉంది. ఆమె కొడుకుకు పద్నాలుగో ఏడు. చదవడంలో, వ్రాయడంలో వాడికి చిక్కు ఉన్నదనీ, దానిని డిస్లెక్సియా అంటారనీ డాక్టర్లు అయిదేళ్ళ క్రితమే చెప్పారట. "ఈ సంగతి మా దంపతులకు తప్ప మూడో మనిషికి తెలియదు. వాడికీ చెప్పలేదు. ఇప్పుడు పెద్దవాడవుతున్నాడు. చెప్పాలా, వద్దా?" అని అడిగింది. అడుగున వేరే సిరాతో, "రేపు మా పెద్దమ్మాయికి సంబంధాలు కూడా చూడాలి" అని ఒక వాక్యం ఉంది. మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పి వ్రాసింది కాబోలు.

దీనికి జవాబివ్వడానికి నేను పుస్తకాలు తిరగెయ్యనక్కరలేదు. మావాడి నివేదిక ఆరేళ్ళపాటు మా బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య ఉంది.

మూడో తరగతిలో ఉండగా, పాఠం చదివి వినిపిస్తే పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. అదే పుస్తకం చేతికిస్తే నీళ్ళు నమిలేవాడు. ప, వ, ష ఎదురైతే ఏది ఏదో తేలేది కాదు. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి బండి నిలిచిపోయేది. "అమ్మ" అని వ్రాయమంటే "అమ" అని వ్రాసేవాడు. ప్రయివేటు మాస్టారు బెత్తం వాడారు. నేను చెవి మెలిపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది.

తొమ్మిదో ఏట పరీక్షలు చేయించాము. ముందు కళ్ళూ చెవులూ చూశారు. తరువాత తెలివితేటల పరీక్ష పెట్టారు. అందులో తోటిపిల్లలకు ఏమీ తీసిపోలేదు. ఆపైన బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు తయారుచేసిన పరీక్షతో చదవడం, వ్రాయడం, లెక్కలు చూశారు. అక్కడ రెండు తరగతులు వెనకబడి ఉన్నాడు. తెలివి ఉండీ అక్షరం దగ్గర చిక్కుపడటమే ఈ జబ్బు. జబ్బు అనడం కూడా తప్పేనట, పుట్టుకతో వచ్చిన తీరు అది. ఇంటికి వచ్చాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు మెల్లిగా, "మా నాన్నగారు జీవితమంతా పేపరు ఇంకొకరిచేత చదివించుకునే విన్నారు. చత్వారం అనేవారు. పాతికేళ్ళకు చత్వారమేమిటి!" అన్నారు.

పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియక, "నీ కళ్ళకు కాస్త నీరసంరా, అంతే" అన్నాను. చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. వాడు పదమూడో ఏట ఉండగా బడిలో కళ్ళ పరీక్షలు జరిగాయి. డాక్టరు వాడి వీపు తట్టి, "నీ చూపు భేషుగ్గా ఉందోయ్" అన్నారట. ఆ మాట వాడు ఇంట్లో చెప్పలేదు. కళ్ళు బాగున్నాయంటే లోపం బుర్రలోనే ఉందని తనే తేల్చుకుని, రెండేళ్ళు అది మోశాడు. నేను పేరు చెప్పకుండా కాపాడాననుకున్నాను. వాడు తనకు తానే "మొద్దు" అని పేరు పెట్టుకున్నాడు.

ఒక ఆదివారం టీవీలో "తారే జమీన్ పర్" వచ్చింది. 2007లో వచ్చిన హిందీ సినిమా, మీలో చాలామంది చూసే ఉంటారు. సగంలో మావాడు లేచి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆ అబ్బాయికి ఉన్నదే నాకూ ఉందా?" అని అడిగాడు. చేతిలో గరిటెతో అలాగే నిలబడి, అవునన్నాను. వాడికి కోపం వస్తుందనుకున్నాను. "అయితే నేను మొద్దుని కానన్నమాట" అన్నాడు.

అది మంచి సినిమాయే. కాని అందులో పిల్లవాడు బొమ్మ వేసి బహుమతి తెచ్చుకోగానే కథ కంచికి పోతుంది. మన పిల్లలు అక్కడ ఆగరు కదా! మీసాలొస్తాయి. బస్సు బోర్డు చదవాలి, బ్యాంకులో ఫారం నింపాలి, మందుసీసామీద ఏముందో చూసుకోవాలి. అన్నిటికీ మనం పక్కన ఉండలేము. ఉంటే వాళ్ళు సహించరు.

ఆ పాఠమూ నాకు ఆలస్యంగానే వచ్చింది. పాలిటెక్నిక్ అయ్యాక మావాడు ఏసీలు బాగుచేసే దుకాణంలో చేరాడు. వాడితో చెప్పకుండా నేను యజమానికి ఫోను చేసి, "మావాడు చదవడంలో కొంచెం నెమ్మది, చూసీచూడనట్టు పోనివ్వండి" అన్నాను. సాయంత్రానికి ఆ మాట వాడి చెవిన పడింది. రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు. "చెప్పుకుంటే నేను చెప్పుకుంటాను. అది నాది" అన్నాడు.

కనుక సోదరీ, చెప్పండి. పండుగ పూటో, పరీక్ష పోయిన పూటో కాదు, మామూలు రోజున చెప్పండి. పదో తరగతి ముంచుకొస్తోంది. 1995 నాటి చట్టంలో ఈ చిక్కు ఊసే లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో ఇదీ ఉంది. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షలో వ్రాసిపెట్టే మనిషినీ, అదనపు సమయాన్నీ అడగవచ్చు. 2018లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన సూత్రాలలో ఆ సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదని ఉంది. మీ బోర్డువారి పద్ధతి ఏమిటో బడిలో ముందే కనుక్కోండి. పక్కన మరొకరు కూర్చుని వ్రాస్తూంటే, ఎందుకో తెలియని పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోతాడు.

ఇక మీ అమ్మాయి సంగతి. ఇది కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కనిపించే మాట నిజమే. మా మామగారి చత్వారం చెప్పాను కదా. పెళ్ళివారితో ఎంత చెప్పాలో మీ అమ్మాయినే కూర్చోబెట్టుకుని ఆలోచించండి, తనకూ చెప్పవలసిందే కనుక. వాళ్ళకోసం వీడి దగ్గర దాచడం మాత్రం నాకు సమ్మతం కాదు.

క్రిందటి నెలలో మావాడు బ్యాంకులో కొత్త ఖాతా తెరవడానికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఫారం తనే నింపాడు, చాలాసేపు పట్టింది. గుమాస్తా దాన్ని చూసి, "మీ నాన్నగారి పేరులో అక్షరం తప్పుంది బాబూ" అన్నాడు. నా నోటిదాకా వచ్చింది. "నాకు డిస్లెక్సియా అండీ. ఇంకో కాగితం ఇవ్వండి, మళ్ళీ వ్రాస్తాను" అన్నాడు మావాడు. గుమాస్తాకు అదేమిటో తెలిసిందో లేదో గాని, కాగితం ఇచ్చాడు. నేను గుమ్మం పక్క కుర్చీలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా వెనక వచ్చినవాళ్ళు ముగ్గురు పని చూసుకుని వెళ్ళిపోయారు. వాడింకా వ్రాస్తూనే ఉన్నాడు.