సైరన్ మ్రోగినదల్లా అంబులెన్స్ కాదు

1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుండి జారిపడి తలకు తీవ్రంగా గాయపడ్డాడు. పడక లేదని ఒక ప్రభుత్వ ఆసుపత్రి, వసతి లేదని మరొకటి అతనిని త్రిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ వ్యాజ్యంలో 1996 మే 6న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కుకు భంగమేనని స్పష్టం చేసింది. అంతటితో ఆగక, అంబులెన్సులో తగిన పరికరాలు, వైద్య సిబ్బంది ఉండాలని కూడా ఆదేశించింది. కనుక అంబులెన్సులో ఏమున్నదన్నది దయాధర్మాలకు సంబంధించిన ప్రశ్న కాదు, హక్కుకు సంబంధించిన ప్రశ్న.

ఉత్తరాంధ్రలో ఈ హక్కుకు మొదటి అడ్డంకి దూరం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో పెద్దాసుపత్రులున్నా, క్లిష్టమైన కేసులు నేటికీ విశాఖ కె.జి.హెచ్.కే చేరవలసి వస్తున్నది. ఇచ్ఛాపురం నుండి అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఏజెన్సీ గూడేలవారికైతే డోలీ మోత అయిన తరువాతే రోడ్డు మొదలవుతుంది. ఇంత దూరంలో వైద్యం ఆసుపత్రి గుమ్మంలో కాదు, రోగి ఇంటి గుమ్మంలోనే ఆరంభం కావాలి.

2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఈ ఆలోచనకు రూపమిచ్చింది. 2020 జూలై 1న మన రాష్ట్రంలో ప్రవేశపెట్టిన 412 కొత్త 108 వాహనాలలో 282 ప్రాథమిక ప్రాణరక్షణ స్థాయివి. వెంటిలేటరు వంటి సదుపాయాలున్న ఉన్నత స్థాయివి 104, నవజాత శిశువులకు ఉద్దేశించినవి 26. మన ప్రాంతానికి ఏ స్థాయి వాహనం వచ్చింది, అందులోని పరికరాలు పనిచేస్తున్నాయా అని అడగడం పౌరుల బాధ్యత.

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. మసీదు కమిటీలు, యువజన సంఘాలు చందాలతో అంబులెన్స్ కొనదలచినప్పుడు బండి ఏ కంపెనీది, దాతల పేర్లు ఎక్కడ వ్రాయించాలి అన్న చర్చే ముందు జరుగుతుంది. మన దేశపు ఏఐఎస్-125 ప్రమాణం అంబులెన్సులను నాలుగు తరగతులుగా విభజించింది. స్ట్రెచరు, సైరను మాత్రమే అమర్చిన వాహనం, నిలకడగా ఉన్న రోగిని తరలించడానికే పనికివస్తుంది. దానిలో గుండెపోటు రోగిని పడుకోబెట్టి వేగంగా నడిపితే వైద్యం కాబోదు.

ఆక్సిజన్ లెక్కే చూడండి. 'బి' రకం సిలిండరులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే రెండున్నర గంటలకు నిండుకుంటుంది. ఇచ్ఛాపురం నుండి విశాఖ చేరేందుకు అది చాలదు. రెండవ సిలిండరు లేని బండి దారి మధ్యలో ఖాళీ బండే. స్పృహ లేని రోగి గొంతులో వాంతి అడ్డుపడితే తొలగించే సక్షన్ యంత్రం లేకపోతే ఆ ఆక్సిజన్ కూడా వృథా.

పల్స్ ఆక్సీమీటరు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. నల్లజాతి రోగులలో ఆక్సిజన్ లోపాన్ని ఈ పరికరం గుర్తించలేకపోవడం తెల్లవారితో పోల్చితే దాదాపు మూడు రెట్లుగా ఉన్నదని 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఎండలో నల్లబడిన మన కూలీలు, మత్స్యకారుల విషయంలో అంకెను మాత్రమే నమ్మడం ప్రమాదకరం. రోగి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మాలి. అందరికీ ఒకే పరికరం వాడితే చాలదు, అది అందరినీ సమానంగా కొలవాలి.

స్త్రీల విషయం మరింత సున్నితమైనది. ఈసీజీ తీయాలన్నా, ఆగిన గుండెకు ఏఈడీతో విద్యుద్ఘాతం ఇవ్వాలన్నా ఛాతీపై బట్ట తొలగించక తప్పదు. సంకోచంతో నిమిషాలు గడిచిపోతే నష్టపోయేది ఆ తల్లే. ప్రాణరక్షణకు తప్పనిసరి అయినచోట నిషేధం సడలుతుందన్నది మన ధర్మశాస్త్రం ఎరిగిన సూత్రమే. బండిలో ఒక తెర, ఒక దుప్పటి ఉంచి, వీలైనచోట మహిళా టెక్నీషియన్‌ను నియమిస్తే ప్రాణమూ నిలుస్తుంది, మర్యాదా నిలుస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యం శిక్షణ పొందిన మనిషి. వాహనం ఒకసారి కొంటే సరిపోతుంది, టెక్నీషియన్‌కు ప్రతి నెలా జీతం ఇవ్వాలి. దాతలు వెనుకాడేది ఇక్కడే. ఏఈడీ ప్యాడ్లకు, బ్యాటరీలకు గడువు తేదీలుంటాయి. సిలిండరులో పీడనం ఎంత, సక్షన్ పనిచేస్తున్నదా, గడువు ఎప్పటితో ముగుస్తుంది అన్నవి రోజూ ఒక రిజిస్టరులో నమోదు చేసి సంతకం పెట్టాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రభుత్వం ప్రతి 108 వాహనం స్థాయిని, అందులోని పరికరాల జాబితాను ప్రజలకు కనిపించేలా వాహనంపైనే ప్రదర్శించాలి. మన సంఘాలు తమ వాహనాల రిజిస్టర్లను దాతలు ఎప్పుడైనా చూడగలిగేలా ఉంచాలి. దాతల పేర్ల బోర్డుకు ముందు పరికరాల జాబితా వ్రాయించిన కమిటీయే ఇచ్చిన చందాకు న్యాయం చేసినట్లు.