పొగగొట్టపు లెక్క

నలుగురు చూచు వీధివాకిలి శుభ్రముగా నుండునంతగా పెరటిమూల యుండదు. కర్మాగారముల తీరును ఇట్టిదే. మన యిండ్లలో మిగిలిన సొమ్ము నేడు వాటాల రూపమున గాని, మ్యూచువల్ ఫండుల ద్వారమున గాని కంపెనీలకు చేరుచున్నది. కావున ఆ కంపెనీల పెరటిని గూర్చి ఈ మాసము రెండు మాటలు వ్రాయదలచితిమి.

1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలు నగరమున యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు వేలకొలది ప్రాణములను హరించెను. మరుసటి యేట ఆగస్టులో అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో, ఆ కంపెనీకే చెందిన వేరొక కర్మాగారమునుండి విషము వెలికివచ్చి నూరుమందికి పైగా చికిత్స పొందవలసి వచ్చెను. అంతట ఆ దేశమువారు మేలుకొని 1986లో నొక చట్టము చేసిరి. ఏ విషమును ఎంత గాలిలోనికి, నీటిలోనికి, నేలలోనికి విడిచిరో కర్మాగారములవారు ఏటేట లెక్క చెప్పవలయును. ఆ లెక్కను ఎవరైనను చూడవచ్చును.

తొలి లెక్కలు 1989 జూనులో బయటపడెను. జేమ్సు హామిల్టను అను పండితుడు 1995లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, ఆ యొక్క దినముననే ఆ కంపెనీల వాటాల విలువ సగటున ఒక్కొక్కదానికి 41 లక్షల డాలర్లు తగ్గినది. పాపము పాతదే, తెలియుట క్రొత్త. జరిమానాలు, వ్యాజ్యములు, శుద్ధిచేయు వ్యయము ముందున్నవని వాటాదారులు శంకించిరి కాబోలు. 1997లో కోనారు, కోహెను అను నిరువురు మరియొక సంగతి చూపిరి: ధర మిక్కిలి పడిన కంపెనీలు తరువాత తమ తోడివారికంటె నెక్కువగా విషమును తగ్గించుకొన్నవి.

అయినను లెక్క చెప్పినంతమాత్రమున గాలి శుభ్రపడదు. లెక్క వ్రాయువారు కంపెనీవారే; పలుమారులది అంచనాయే. తూకము తగ్గినంతనే విషపుతీవ్రత తగ్గినదనుకొనరాదు. కావున లెక్కను పరీక్షించు అధికారియు, తప్పినవారిని శిక్షించు చట్టమును తప్పక యుండవలయును.

మన దేశమున సెబీవారు 2022–23 మొదలుకొని, విపణివిలువలో ముందున్న 1000 కంపెనీలు తాము వాడిన నీరు, విడిచిన పొగ, పారవేసిన చెత్త మొదలగువాని వివరములను ఏటేట ప్రకటింపవలెనని నిర్బంధించిరి. అయితే అందు పొగ లెక్క కంపెనీ మొత్తమునకే గాని, మన వీధిచివర కర్మాగారమునకు విడిగా కానరాదు. అదియును కావలెనని వాటాదారులుగా మనమడుగవచ్చును.

నగ కొనునపుడు తరుగెంతయని నిలదీసి యడుగనిదే మనము రూపాయి తీయము. వాటా కొనునపుడును ఆ వివేకమే చాలును. ఈ లాభమునకు తరుగెంత, అది యెవరి ఊపిరిలో కలియుచున్నదని యడిగి, పిమ్మట సంతకము చేయుదము.