మంద్ర మౌత్ ఆర్గాన్‌కు కావలసింది బలం కాదు

మౌత్ ఆర్గాన్‌లో స్వరాన్ని పలికించేవి లోపలి సన్నని ఇత్తడి రేకులు. వీటిని రీడ్లు అంటారు. పది రంధ్రాల వాద్యంలో 20 రీడ్లుంటాయి. మామూలు 'సి' వాద్యంలో మొదటి రంధ్రంలో ఊదితే, రీడు సెకనుకు సుమారు 262 సార్లు కంపిస్తుంది. 'లో సి'లో అందులో సగమే, అంటే 131 సార్లు.

కారణం తెలియాలంటే స్కేలును బల్ల అంచున నొక్కిపెట్టి మీటండి. కొనకు కాస్త బంకమట్టి అంటించి మళ్ళీ మీటండి. కంపనం నెమ్మదిస్తుంది. మంద్ర రీడు కొనను బరువుగా చేసేది ఇందుకే. బరువైన రీడు కదలడానికి కొంత వ్యవధి పడుతుంది.

వెంటనే పలకలేదని కొందరు గట్టిగా ఊదుతారు. అది తప్పని నా అభిప్రాయం. అలా ఊదితే రీడు మూగబోతుంది. అదే అలవాటైతే లోహం అలసి శ్రుతి తప్పుతుంది. నిండుగా తీసిన శ్వాసను మెల్లగా వదులుతూ నిదానమైన పాటలు వాయించండి.

కొనేటప్పుడూ తొందర వద్దు. మొదట 'సి' నేర్చుకోండి. తరువాత మామూలు వాటిలోకెల్లా మంద్రమైన 'జి' తీసుకోండి. 'లో ఎఫ్', 'లో సి' ఆ తరువాతే. సైజు, మెరుపు చూడకండి. అతి మెల్లని ఊపిరికి మొదటి రంధ్రం పలుకుతుందా, లేదా? చూడవలసింది అదే.