వంతెన దిగి చూడండి



లింగంపల్లి నుంచి మెహిదీపట్నం దాకా పోయే పాత ముంబయి రోడ్డు మీద రోజూ ఎందరమో తిరుగుతుంటాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి, రాయదుర్గం దాటాక 2022లో తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేస్తాం. ఆ దారి పక్కనే కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. గోల్కొండకు వచ్చే వర్తకులు, బాటసారులు రాత్రిపూట తలదాచుకోవడానికి, తమ గుర్రాలనూ ఒంటెలనూ కట్టేసుకోవడానికి నిలబెట్టిన రాతి కట్టడం. ఆగడం కోసమే కట్టిన చోటును ఆగకుండా దాటిపోతున్నాం. ఒంటరిగా వెళ్లేవాళ్లు నచ్చినచోట ఆగగలరు. ఒంటరి ప్రయాణాలను ఈ సంచికకు అంశంగా తీసుకున్నది అందుకే.

158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, ఈ వంతెనలు మనకు ఎంతో సమయం మిగిల్చాయి, కాదనం. ఆ మిగిలిన సమయంలో కొంత ఊరికి ఇవ్వాలని మా కోరిక.

ఈ సంచికలో రాసినవాళ్లంతా ఒక్కరే బయల్దేరారు. ఎక్కడ ఆగాలో ముందుగా అనుకోలేదు. పక్కన ఎవరూ లేనప్పుడు తొందరపెట్టేవాళ్లుండరు, దారి తెలియకపోతే కొత్తవాళ్లను పలకరించక తప్పదు. ఈ వ్యాసాలన్నింటికీ ప్రాణం ఆ పలకరింపులే. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్ల అనుభవాలకు కావాలనే ఎక్కువ పేజీలిచ్చాం. భయం గురించి కూడా వాళ్లు దాచకుండా రాశారు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్తూ, మజిలీ మజిలీకీ చూసింది రాసుకుంటూ, మన హైదరాబాదు మీదుగానే సాగారు. ఆయన వెంట పరివారం ఉంది. మా రచయితలకు అదీ లేదు.

ఈ ఆదివారం పొద్దున్నే, రద్దీ మొదలుకాకముందే, షేక్‌పేటలో కింది దారి పట్టండి. చూసింది మాకు రాయండి.

— సంపాదకులు