సైన్యం ఐటీ ఖర్చుకు నమ్మదగిన లెక్క కావాలి

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం అధ్యక్షులకు, సభ్యులకు,

2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. ఆ పద్దులను క్షుణ్ణంగా పరిశీలించే బాధ్యత మీది. యుద్ధ విమానం ధర మీద దేశమంతా మాట్లాడుతుంది. నెట్‌వర్క్‌లు, సర్వర్లు, సాఫ్ట్‌వేర్ల అంచనాలు మాత్రం ఎవరికీ పట్టవు. అందుకే ఈ లేఖ.

సైన్యం ఖాళీ చేసే స్పెక్ట్రమ్‌కు బదులుగా త్రివిధ దళాలకు ప్రత్యేక ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ వేయడానికి 2012లో కేంద్రం 13,334 కోట్లు మంజూరు చేసింది. పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. 2018 మే నెలలో మరో 11,330 కోట్లు కలపాల్సి వచ్చింది. అంటే 85 శాతం అదనం! కొండల్లో, సరిహద్దుల్లో కేబుల్ వేయడం కష్టమే. ఆ కష్టం మొదటి అంచనా నాడు ఎందుకు లెక్కకు రాలేదన్నదే ప్రశ్న.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. అమెరికా వైమానిక దళం సరఫరా వ్యవస్థ కోసం తలపెట్టిన ఈసీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ మీద 100 కోట్ల డాలర్లకు పైగా పోసి, 2012లో పూర్తిగా వదిలేసింది. తమ పాత వ్యవస్థలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోకుండానే పనిలోకి దిగడం ఒక ప్రధాన కారణమని 2014లో సెనేట్ ఉపసంఘం తేల్చింది. ఆ నివేదికను అందరూ చదవగలిగేలా బయటపెట్టింది.

మన దగ్గరా అలాంటి పారదర్శకత కావాలి. ప్రతి పెద్ద ఐటీ ప్రాజెక్టుకూ తొలి మంజూరు, సవరించిన అంచనా, ఇప్పటిదాకా అయిన ఖర్చు, పూర్తయ్యే గడువు ఒకే పట్టికలో అడగండి. కొన్న తరువాత ఏటా కట్టాల్సిన లైసెన్సు, నిర్వహణ, సైబర్ భద్రత ఖర్చులు కూడా మొదటి రోజే అందులో ఉండాలి. వాటిని వదిలేసిన అంచనా నమ్మదగినది కాదు. అంచనా దాటితే కారణం రాతపూర్వకంగా చెప్పించండి.

ఇందులో దేశ రహస్యమేమీ బయటపడదు. నెట్‌వర్క్ ఎక్కడ, ఎలా పనిచేస్తుందో గోప్యంగా ఉంచాల్సిందే. దానికి ఎంత అనుకున్నారు, ఎంత అయింది అన్నది ప్రజల సొమ్ము లెక్క.

మాజీ సైనికుల పింఛను సైతం ఇవాళ స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే అందుతోంది. తప్పుడు అంచనాతో పని ఆగితే ఆ నష్టం వాళ్లను, సరిహద్దులో ఉన్నవాళ్లను తాకుతుంది. వచ్చే పద్దుల పరిశీలనలోనే ఈ పట్టిక కోరండి. అది లేకుండా అదనపు నిధులకు సిఫార్సు చేయకండి.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు