చెయ్యి ఒక్కటే దొరికింది

1991 సెప్టెంబరు 28. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మా నాన్న సైకిలు గోడకు ఆనించి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాడు. "నియోగీని సంపేసినారు" అన్నాడు. అమ్మ చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆ మారాజు ఎవులికేటి అన్యాయం సేసినాడు?" అంది. ఆ పూట మా వీధిలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు.

కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగికి అప్పటికి 48 ఏళ్లు. మా భిలాయిలోనే హడ్కో కాలనీలో, ఇంట్లో నిద్రపోతుంటే, తెరిచి ఉన్న కిటికీలోంచి కాల్చారు.

మా క్యాంప్ 1 పేరులోనే మా చరిత్ర ఉంది. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో కూలీలకు వేసిన క్యాంపు ఇది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు ఇక్కడే దిగారు. ప్లాంటులో పర్మినెంటు అయినవాళ్లు సెక్టార్లలో క్వార్టర్లకు వెళ్లారు. కానివాళ్లు ఇక్కడే ఉండిపోయి ఠేకాదారు (కాంట్రాక్టరు) చేతికిందకు చేరారు. మా నాన్న ఒకే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఆయన పేరు ఒక్కరోజైనా లేదు. నియోగి సంఘం ఎర్ర-ఆకుపచ్చ జెండా పట్టినందుకు మా చిన్నాన్నను గేటు దగ్గరే ఆపేసి, రేపటి నుంచి రావద్దన్నారు.

నియోగి మాలాంటి వాళ్ల కోసమే వచ్చాడు. ఆయనా వలసవచ్చినవాడే, బెంగాల్ వైపు నుంచి వచ్చి భిలాయి ప్లాంటు కోక్ ఓవెన్‌లో పనిచేశాడు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లాడు. 1977లో దల్లీరాజహరా ఇనుప గనుల్లో ఠేకా కార్మికుల సంఘం కట్టాడు. ఆ ఏడు జూన్‌లోనే అక్కడ పోలీసు కాల్పుల్లో పదకొండుమంది పోయారు. ఆ పోయినవాళ్ల జ్ఞాపకంగానే కార్మికులు తమ చందాలతో, తమ రెక్కలతో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. 1983లో అది తెరుచుకుంది. సారా మానమని ఆయన చెబితే వేలమంది మానారు. మగాళ్ల జీతం ఇంటికి చేరడం మొదలైంది. అమ్మ ఆయన్ను మారాజు అన్నది ఊరికే కాదు. దల్లీరాజహరాలో ఉన్న మా దూరపు బంధువు ఇంట్లో ఆ మార్పును ఆమె కళ్లారా చూసింది.

1990లో ఆయన భిలాయి ఫ్యాక్టరీల వైపు తిరిగాడు. అడిగింది రెండే: బతకగలిగేంత జీతం, పర్మినెంటు ఉద్యోగం. బదులుగా యజమానులు వేలమందిని పనిలోంచి తీసేశారు.

తూటా తెచ్చిన దుఃఖం ఎంతటిదైనా, నా కోపం అంతకుముందు గడిచిన నెలల మీద. 1991 ఫిబ్రవరిలో ఆయన్ను పాత కేసులు తవ్వి అరెస్టు చేశారు. ఏప్రిల్‌లో హైకోర్టు దయవల్ల బయటకు వచ్చాడు. వెంటనే జిల్లా బహిష్కరణ నోటీసు. తనకు ప్రాణహాని ఉందని పోలీసులకు రాసి ఇచ్చాడు, టేపులో మాట్లాడి దాచుకున్నాడు. సెప్టెంబరులో కార్మికులతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి వెంకట్రామన్‌ను కలిసి, వేల సంతకాల వినతిపత్రం ఇచ్చి వచ్చాడు. మనిషి ఇంతమందికి చెప్పుకున్నాక కూడా చచ్చిపోతే, దాన్ని హఠాత్తుగా జరిగిన నేరమని నేను ఒప్పుకోను. ప్రజలు నమ్మిన నాయకుణ్ణి ప్రభుత్వం రోజూ నేరస్తుడని పిలుస్తూ పోతే, చంపాలనుకున్నవాడికి ధైర్యం చిక్కుతుంది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1992 జూలై 1న, మా క్యాంపుకు కూతవేటు దూరంలో పవర్‌హౌస్ స్టేషను దగ్గర, పనిపోయిన కార్మికులు పెళ్లాంబిడ్డలతో పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు కాల్చారు. పదిహేనుమందికి పైగా కార్మికులు చనిపోయారు. కర్ఫ్యూ పెట్టారు. చిన్నాన్న ఆ రాత్రి ఇంటికి రాలేదు. మూడోనాడు వచ్చాడు. వచ్చాక ఆ రోజు గురించి ఒక్క మాట చెప్పలేదు, చనిపోయేదాకా చెప్పలేదు.

ఇక కోర్టులు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలు సహా ఆరుగురికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు, తుపాకీ పేల్చిన పల్టన్ మల్లా ఒక్కడినే దోషిగా నిలిపి యావజ్జీవం వేసింది. మిగిలినవారిమీద ఆధారాలు చాలవంది. నిర్దోషులని తేలినవారిని నేను దోషులనను. కానీ పదమూడేళ్ల తర్వాత మాకు దొరికింది తుపాకీ పట్టిన చెయ్యి ఒక్కటే.

ఆ తీరు అక్కడితో ఆగలేదు. నియోగి దగ్గర పనిచేయడానికి ఛత్తీస్‌గఢ్ వచ్చి, తర్వాత వకీలై మాలాంటి వాళ్ల కేసులు వాదించిన సుధా భరద్వాజ్‌ను 2018 ఆగస్టు 28న అరెస్టు చేశారు. అదే రోజు, అదే భీమా కోరేగావ్ కేసులో హైదరాబాదులో వరవరరావును తీసుకెళ్లారు. ఆమె బెయిలు మీద బయటకు వచ్చేసరికి 2021 డిసెంబరు. అప్పటికి విచారణ మొదలే కాలేదు. మా భిలాయి నగర్ శాసనసభ్యుడు, కాంగ్రెస్‌కు చెందిన దేవేంద్ర యాదవ్‌ను 2024 ఆగస్టులో బలోదా బజార్ హింస కేసులో పట్టుకున్నారు. బెయిలు రావడానికి ఆరు నెలలు. ఈయన నియోగి అని కాదు నేననేది. కేసు నిజమైతే నిరూపించండి, శిక్షించండి. నిరూపించకముందే నెలలూ ఏళ్లూ జైల్లో ఉంచడమే శిక్షగా మారిందని అంటున్నాను. ఆంధ్రలో 2023లో చంద్రబాబు జైలుకెళ్తే ఒకవైపు వాళ్లు స్వీట్లు పంచారు. 2024 తర్వాత అరెస్టులు అటు తిరిగితే రెండోవైపు వాళ్లు పండగ చేసుకున్నారు. మా క్యాంపులోనూ రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. ఆ సంబరం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. గోడకు సైకిలు ఆనించిన ఆ పొద్దు గుర్తుకొస్తుంది.

2005లో తీర్పు వార్త పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. అప్పటికి నాన్న లేడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పల్టన్ మల్లా పేరు రెండుసార్లు చెప్పించుకుంది. ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఆడికీ నియోగీకీ ఏటి తగువురా?" అని అడిగింది.

ఏమీ లేదని చెప్పాను. అమ్మ చాలాసేపు నా మొహంలోకే చూసి, మళ్లీ బియ్యంలోకి వంగింది.