సమాధికి ఎలుగుబంటి సాక్ష్యమా?

మా హోప్ టౌన్ లో చలికాలమంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించుకోవడమే. మంచుకు భయపడి బొరియలో దూరే జంతువు ఈ దీవుల్లో లేదు. అయినా తెలుగువాళ్ళం నలుగురం చేరామంటే ఒక వాదన వినబడుతూనే ఉంటుంది. "ఎలుగుబంటి చలికాలమంతా పడుకుని మళ్ళీ లేస్తుంది కదండీ, జంతువుకు సాధ్యమైంది యోగికి సాధ్యం కాదా?" అని. మూఢనమ్మకానికి సైన్సు చేత జామీను ఇప్పించే ఈ పద్ధతిని కాస్త పరిశీలిద్దాం.

నేను చదివింది బి.కాం., ఉద్యోగం చేసింది డిఫెన్స్ అకౌంట్స్ లో. వోచరు లేని ఖర్చును పాస్ చేయకూడదన్నది అక్కడ నేర్చుకున్న పాఠం. శీతాకాల సుప్తావస్థలో ఉన్న జంతువు గుండె తన ఖర్చుకు వోచరు చూపిస్తుంది.

ముందుగా గమనించవలసింది, ఆ గుండె ఆగదు. మెలకువలో నిమిషానికి 200 నుంచి 300 సార్లు కొట్టుకునే నేల ఉడుత గుండె, సుప్తావస్థలో 3 నుంచి 10 సార్లే కొట్టుకుంటుంది. ఒళ్ళు 5 డిగ్రీల సెల్సియస్ కు చల్లబడినా లయ తప్పదు. మన గుండె 28 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే లయ తప్పి వణికే ప్రమాదంలో పడుతుంది. వణికే గుండె రక్తాన్ని తోడలేదు.

ఈ తేడా ఎందుకు? గుండె కండరం ముడుచుకోవాలంటే కణంలో కాల్షియం విడుదల కావాలి. వదులు కావాలంటే అది తిరిగి కణంలోని గోదాముకు చేరాలి. చలిలో మన కణాల పంపులు మందగించి కాల్షియం బయటే పేరుకుపోతుంది. ఉడుత పంపులు చలిలోనూ ఆ పని చేస్తాయి. ఇంధనం కూడా చక్కెర నుంచి కొవ్వుకు మారుతుంది. పైగా కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో ఒకసారి అది ఒళ్ళు వేడెక్కించుకుని లేస్తుంది. దాచుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఈ లేవడాలకే ఖర్చు. ఇదంతా పరిణామక్రమంలో వచ్చింది, తపస్సుతో కాదు.

ఇక ఎలుగుబంటి. అలాస్కా నల్ల ఎలుగులపై 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం వాటి గుండె వేగం 55 నుంచి 14కు తగ్గింది. శరీర ఉష్ణోగ్రత మాత్రం 30 డిగ్రీలకు పైనే ఉంది.

మరి యోగుల సంగతి? గుండె ఆపుతామన్నవారిని వెంగర్, బాగ్చీ, ఆనంద్ పరీక్షించి 1961లో ఫలితాలు ప్రచురించారు. నాడి అందలేదు, గుండె చప్పుడు వినబడలేదు. కానీ ఈ.సి.జి. గీత నడుస్తూనే ఉంది! ఊపిరి బిగబట్టి, కండరాలు బిగించి, గుండెకు తిరిగివచ్చే రక్తాన్ని తగ్గించడమే అక్కడి కిటుకు. ఒకరు గుండెను నెమ్మదింపజేయగలిగారు. ఎవరూ ఆపలేదు.

ఇది ఊసుపోక చెప్పుకునే విషయం కాదు. పంజాబులోని నూర్ మహల్ లో 2014 జనవరి 29న అశుతోష్ మహారాజ్ మరణించినట్లు డాక్టర్లు ప్రకటించారు. అనుచరులు సమాధి అన్నారు, దేహాన్ని ఫ్రీజరులో పెట్టారు. కొడుకునంటూ ఒకాయన అంత్యక్రియల కోసం కోర్టుకెక్కారు. 2014 డిసెంబరులో హైకోర్టు దహనానికి ఆదేశించింది, 2017లో అదే కోర్టు డివిజన్ బెంచి ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి దేహాన్ని భద్రపరచనిచ్చింది. చనిపోయిన మనిషి కోసం ఏడ్చే హక్కు కూడా ఇంత దూరం వాయిదా పడింది.

కనుక ఎలుగుబంటిని సాక్షిగా పిలిచేవారిని ఒక్క ప్రశ్న అడగండి. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది? జవాబు సున్నా అయితే అది సుప్తావస్థ కాదు. ఆ లెక్క అక్కడితో ముగిసినట్లే.